గాడిద మీద వచ్చిన రాజు

(ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో గుర్రం జాషువా స్మారకోపన్యాసంగా చేసిన ప్రసంగ పాఠం)

గుర్రం జాషువా ఇంటిపేరులోనే గుర్రం ఉంది. ఆయన కావ్యనాయకుడు మాత్రం గాడిదనెక్కి వచ్చినవాడు. 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్న ‘క్రీస్తు చరిత్ర’ ఆ నాయకుడి కథే. తెలుగునాట గాడిద సవారీ అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. తప్పు చేసినవాడికి గుండు గీయించి, సున్నం బొట్లు పెట్టి, చెప్పుల దండ వేసి ఊరంతా తిప్పేది దాని మీదే. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు సికింద్రాబాదు వైపు పిల్లలు మట్టలు ఊపుతూ, హోసన్న అని కేకలు పెడుతూ చర్చికి నడుస్తుంటారు. పక్కన ఇరానీ హోటల్లో చాయ్ తాగుతున్న పెద్దమనిషికి అది ఒక రాజుగారి ఊరేగింపు తాలూకు పండుగని చెబితే సరేనంటాడు. రాజుగారి వాహనం ఏమిటో చెబితే మాత్రం కప్పు సాసరులో పెట్టి ఇంకోసారి చెప్పమంటాడు.

యూదుల లెక్క వేరు. వాళ్ళకు గుర్రం యుద్ధానికి గుర్తు, గాడిద శాంతికాలపు సవారీ. దావీదు తన కొడుకు సొలొమోనుకు పట్టం కట్టించేటప్పుడు ఎక్కించి పంపింది తన కంచరగాడిద మీదే. రాబోయే రాజు గాడిద మీద వస్తాడని జెకర్యా ప్రవక్త ముందే రాసిపెట్టాడు. కాబట్టి వాహనం చూసి జెరూసలేములో నవ్వవలసిన పని లేదు. చిక్కంతా మట్టలతో వచ్చింది. క్రీ.పూ. 141లో మక్కబీయుల సీమోను పరాయి సైన్యాన్ని జెరూసలేము కోటలోంచి వెళ్ళగొట్టినప్పుడు జనం ఖర్జూరపు మట్టలు పట్టుకునే లోపల అడుగుపెట్టారు. మట్ట అంటే గెలుపు. క్రీ.శ. 6లో రోమన్లు జనాభా లెక్కలు రాయబోతే గలిలయకు చెందిన యూదా అనేవాడు తిరగబడ్డాడు. ఆ గలిలయ నుంచే ఇంకొకడు వస్తున్నాడంటే, వీడైనా రోమన్లను తరుముతాడని ఆశపడటంలో తప్పేముంది? అయిదువేల మందికి రొట్టెలు పంచిన రోజున జనం బలవంతంగా రాజును చేయబోతే ఆయన ఒంటరిగా కొండెక్కి తప్పించుకున్నాడని యోహాను సువార్త చెబుతుంది. మట్టలు పట్టినవాళ్ళు పిలిచింది ఒక రాజును, గాడిద మీద వచ్చింది ఇంకో రాజు. వారం తిరక్కుండా సిలువ వేశారు.

ఈ కథ తార్నాక పక్కన చెప్పుకోవడంలో కాస్త ఔచిత్యం ఉంది. తార్, నాకా అనే రెండు మాటలు కలిసి ఈ పేరు పుట్టిందనీ, నిజాం జమానాలో ఇక్కడ తీగ కంచె, దాని దగ్గర నాకా, అంటే కాపలా చౌకీ, ఉండేవనీ పెద్దలు చెబుతారు. ఇప్పుడు కంచె లేదు. పైన మెట్రో, కింద షేర్ ఆటోలు. రాజుగారి పేరు మాత్రం ఎదురుగానే ఉంది. ఈ విశ్వవిద్యాలయం 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద పుట్టింది. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ఆయన్ని ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా అట్ట మీదికి ఎక్కించింది. ఆయన దర్శనానికి వెళ్ళినవారు నజరు సమర్పించుకోవాలి. తెలుగు రాతల్లో ఆయన నిజాం ప్రభువు. అదే ప్రభువు అన్న మాటను బైబిలు అనువాదకులు తీసుకుని ఒక వడ్రంగికి పెట్టారు. వారమంతా ఒక ప్రభువు కోసం వెట్టి చేసిన మనిషి ఆదివారం పూట ఇంకో ప్రభువు ముందు మోకాళ్ళూనితే, మాట ఒకటే గానీ అర్థం ఒకటే అయి ఉంటుందా?

ఇంకో విశేషం. 1939లో ఈ సంస్థానంలోనే రెండు పెద్ద కట్టడాలు తెరుచుకున్నాయి. జనవరిలో డోర్నకల్లులో బిషప్ అజరయ్య కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్‌కు ప్రతిష్ఠ జరిగింది. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. 1912లో అభిషేకం పొందాడు. డిసెంబరులో నిజాం ఇక్కడి ఆర్ట్స్ కాలేజీని ప్రారంభించాడు. హిందూ వాస్తు, ముస్లిం వాస్తు ఈ రెండు కట్టడాల్లోనూ కలిసే కనిపిస్తాయి. ఒకటి రాజు పేరు నిలిపిన విశ్వవిద్యాలయానికి ముఖద్వారం. రెండోది, తూర్పుదేశపు జ్ఞానులు ఒక పసివాణ్ణి రాజుగా గుర్తుపట్టిన పండుగ పేరు పెట్టుకున్న గుడి.

ఆ జ్ఞానులు కూడా మొదట రాజభవనానికే వెళ్ళారు. రాజు పుట్టాడంటే ఎవరైనా వెళ్ళేది అక్కడికే. హేరోదు దగ్గర బిడ్డ లేడు సరికదా, బిడ్డ ప్రాణానికే ముప్పు మొదలైంది. చివరికి బేత్లెహేములో తల్లి ఒడిలో ఉన్నవాణ్ణి చూసి తెచ్చిన నజరానా విప్పారు: బంగారం, సాంబ్రాణి, బోళం. ఇక్కడ తెలుగు చెవికి ఒక చిత్రం జరుగుతుంది. బోళం అనగానే మనకు గుర్తొచ్చేది బాలింత. బాలింతబోళం మూలికల అంగడిలో ఇప్పటికీ పొట్లం కట్టి ఇస్తారు. పురిటింటికి బోళం తెచ్చారంటే మన అమ్మమ్మలు అందులో వింతేమీ చూడరు, వచ్చినవాళ్ళు తెలిసినవాళ్ళే అనుకుంటారు. యూదులకు మాత్రం అది శవానికి వాడే సుగంధం. యోహాను సువార్త చివర నికొదేము సమాధికి మోసుకొచ్చేది బోళం, అగరు. పుట్టిన రాజుకు అంత్యక్రియల సరుకు కానుకగా ఇవ్వడం ఏమిటని వ్యాఖ్యాతలు వందల ఏళ్ళుగా పేజీలు నింపుతున్నారు. తెలుగులో ఆ ఒక్క ముక్కకు పురుడూ చావూ రెండూ అంటుకున్నాయి. ఇది అనువాదకుడి గొప్ప కాదు, భాష దానంతట అదే చేసిన పని.

దేవుడు చిన్నవాడై రావడం తెలుగువాడికి కొత్త కాదు. వామనుడు మూడడుగులు అడిగాడు. శివుడు ఆదిభిక్షువు. ద్వారకకు రాజైన కృష్ణుడు కుచేలుడి కాళ్ళు కడిగాడు. పశువుల పాకలో పుట్టిన దేవుడని చెబితే ఇక్కడ ఎవరూ ఉలిక్కిపడరు. తేడా తర్వాత వస్తుంది. వామనుడి పొట్టితనం వేషం, దానం అందగానే బ్రహ్మాండమంతా నిండిపోతాడు. రాముడి అడవి పద్నాలుగేళ్ళే, పుస్తకం మూసేముందు పట్టాభిషేకం చదివి ప్రసాదం పంచాలి. హరిశ్చంద్రుడు కాటికాపరి అయినా తెర దించేలోపు సింహాసనం తిరిగొస్తుంది. రాకపోతే జనం ఇళ్ళకు వెళ్ళరు.

క్రీస్తు కథలోనూ పట్టాభిషేకం ఉంది. కాకపోతే అది సిపాయిలు ఆడిన ఎగతాళి. తలకు ముళ్ళ కిరీటం, ఒంటికి ఊదారంగు వస్త్రం, చేతికి రాజదండం బదులు రెల్లు. సిలువ మీద యూదుల రాజని పలక, అదీ హెబ్రీ, లాటిన్, గ్రీకు మూడు భాషల్లో, మన హైదరాబాదు వీధి బోర్డుల మాదిరి, ఎవరికీ అర్థం కాకుండా పోకూడదని. రాజని రాయవద్దు, తానే రాజునని చెప్పుకున్నాడని రాయమని యాజకులు వచ్చి బతిమాలితే రోమన్ గవర్నరు పిలాతు మార్చనన్నాడు. ఈ ఎగతాళిని తర్వాత కథ సరిదిద్దదు. మూడో రోజు లేచాక తోమాకు చూపించింది చేతుల్లో మేకుల గుర్తులు. నగలూ కిరీటాలూ కాదు. ఇక్కడ చిన్నతనం వేషం కాదు. వేషమైతే ఎప్పుడో ఒకప్పుడు విప్పాలి కదా.

లోకం దీన్ని ఎలా తీసుకుందో ఒక గోడ చెబుతుంది. రోములో పాలటైన్ గుట్ట మీద 1857లో గోడగీతలు కొన్ని బయటపడ్డాయి. అందులో ఒక బొమ్మ క్రీ.శ. 200 ప్రాంతానిదని పండితుల అంచనా. సిలువ మీద ఒక మనిషి, మనిషికి గాడిద తల. కింద చేయెత్తి నిలబడ్డ కుర్రాడు. అలెక్సామెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడని గ్రీకులో వెక్కిరింత రాత. సిలువ వేసిన క్రీస్తును చూపే అతి పాత బొమ్మల్లో ఇదొకటి. గీసింది భక్తుడు కాదు, ఆటపట్టించినవాడు. గాడిద ఇక్కడా తప్పలేదు.

జాషువా ఈ రాజు దగ్గరికి తిన్నగా రాలేదు. దారిలో ఇంకొందరు రాజుల్ని, దేవుళ్ళని పలకరించి వచ్చాడు. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. తండ్రిది యాదవ కులం, తల్లిది మాదిగ కులం, ఇల్లు క్రైస్తవం. మూగ సినిమాల రోజుల్లో రాజమండ్రిలో వాచకుడిగా ఉద్యోగం చేశాడు: తెర మీద బొమ్మలు కదులుతుంటే పక్కన నిలబడి కథ, మాటలు చెప్పడం. కిరీటం పెట్టుకున్న మూగ రాజులకు గొంతు అరువిచ్చిన కుర్రవాడన్నమాట. అవధాన సభలో పద్యం చదివితే కులం అడిగారు. పురాణాలు చదువుతున్నాడని క్రైస్తవ పెద్దలు వెలివేశారు. ఆయన శ్మశాన పద్యాలు బలిజేపల్లి వారి హరిశ్చంద్ర నాటకంలోకి ఎక్కి ఊరూరా మోగాయి. కాటికాపరి వేషగాడు హార్మోనియం మీద రాగం లాగుతుంటే వన్స్‌మోర్ అరిచిన జనంలో చాలామందికి ఆ పద్యాలు ఎవరివో తెలియదు. తెలిస్తే ఎందరు అరిచేవారో చెప్పడం కష్టం.

1932లో వచ్చిన ‘పిరదౌసి’లో రాజు గజనీ మహమూదు. పద్యానికో బంగారు నాణెం ఇస్తానని మాటిచ్చి, షానామా పూర్తయ్యాక వెండి పంపాడన్న కథ అది. రాజు మాట తప్పితే కవి ఏమవుతాడో జాషువా అక్కడ చూశాడు. తెలుగు కవులకు రాజులంటే కొంచెం చేదే. భాగవతం రాజుకివ్వనన్న పోతన, కాళహస్తీశ్వర శతకంలో రాజసేవను ఈసడించిన ధూర్జటి మనవాళ్ళే. కాని వాళ్ళకు రాజు కాదనుకుంటే దేవుడి గుడి ఉంది. జాషువాకు ఆ దారీ లేదు.

1941లో వచ్చిన ‘గబ్బిలం’ చెప్పేది ఆ సంగతే. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపింది భార్య దగ్గరికి. జాషువా అరుంధతీసుతుడు గబ్బిలాన్ని పంపింది కాశీ విశ్వనాథుడికి తన గోడు చెప్పమని. ఎందుకు గబ్బిలం? అది గుడి చూరులో వేలాడుతుంది, ఎవరూ ఆపరు. మనిషిని ఆపుతారు. మైలని జనం చీదరించుకునే పిట్టకు గర్భగుడి దాకా దారి ఉంది, పూజారికి చెప్పులు కుట్టినవాడికి వాకిట్లోనే నాకా.

‘క్రీస్తు చరిత్ర’ను ఈ రెండింటి తర్వాత చదవాలి. మన విమర్శకులు గబ్బిలానికి కేటాయించినన్ని పేజీలు దీనికివ్వలేదు. మతకావ్యం కదా, క్రైస్తవుడు రాశాడు, క్రైస్తవులు చదువుకుంటారని పక్కన పెట్టేశారు. అది తప్పుడు లెక్క. పిరదౌసిలో రాజు మాట తప్పాడు, గబ్బిలంలో దేవుడి తలుపు మూసి ఉంది. ఇక తలుపే లేనిచోట పుట్టి, ఊరి బయట చచ్చిపోయిన రాజు ఒకడుంటే? రాజాస్థానాల్లో పెరిగిన పద్యాన్ని తీసుకుని జాషువా అతనికి కట్టబెట్టాడు. ఇందులో మతం ఎంతుందో, లెక్క తేల్చుకోవడం కూడా అంతే ఉంది.

కాళ్ళ సంగతి ఒకటి చెప్పుకోవాలి. గండపెండేరం అంటే రాజు కవి కాలికి తొడిగించే గౌరవం. పెద్దన కాలికి కృష్ణదేవరాయలు స్వయంగా తొడిగాడన్న కథ ప్రతి తెలుగు విద్యార్థికీ కంఠస్థం. జాషువా కాలికి ఏ రాయలూ తొడగలేదు. తొడిగింది చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, తిరుపతి వేంకట కవులలో ఒకరు, అవధానాలతో సంస్థానాలను ఊపిన బ్రాహ్మణ పండితుడు. వంగి ఆ పాదం ముట్టుకుని తన జన్మ ధన్యమైందన్నాడు. తనకు జరిగిన సన్మానాలన్నిటిలో అదే గొప్పదని జాషువా చెప్పుకున్నాడు. యోహాను సువార్తలో చివరి భోజనం రాత్రి యేసు నడుముకు తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడుగుతాడు. కృష్ణుడు కుచేలుడి కాళ్ళు కడిగింది ఇంటికొచ్చిన అతిథి అని, చిన్ననాటి స్నేహితుడని. ఇక్కడ ఆ వరుసలో తనను పట్టివ్వబోయే శిష్యుడు యూదా కూడా ఉన్నాడు. పేతురు సిగ్గుపడి కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. గురువు చేయాల్సిన పని కాదని అతని బాధ. ఆ సభలో చెళ్ళపిళ్ళ వంగినప్పుడు జాషువాకు పేతురు గుర్తొచ్చాడో లేదో ఎవరూ రాయలేదు, కానీ గుర్తురాకుండా ఉంటుందా అనిపిస్తుంది.

ఈ విశ్వాసం తెలుగు నేల మీద ఎవరి చేతుల్లో పడిందో చూడండి. 1866లో ఒంగోలు ప్రాంతపు తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ళ పని చేసుకుంటూ అంతకుముందు రాజయోగం అభ్యసించినవాడు, బాప్తిస్మం పుచ్చుకున్నాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు అప్పుడే ఒక పరీక్ష ఎదురైంది. మాదిగల్ని చేర్చుకుంటే మేము రామని పెద్ద కులాలవారు తేల్చి చెప్పారు. ఆ రోజు క్లౌ ఒక గదిలో, భార్య ఇంకో గదిలో ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో ఒకే చోటు వచ్చిందట: దేవుడు ఘనుల్ని కాక లోకం లెక్కచేయని వాళ్ళని ఎంచుకున్నాడని పౌలు రాసిన చోటు. క్లౌ తన జీవితకథలో చెప్పుకున్న మాట ఇది. కాకతాళీయం అనుకునేవారు అనుకోవచ్చు; నిర్ణయం మాత్రం మాదిగపల్లె వైపే జరిగింది. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని ఇచ్చాడు. కూడు కోసం మతంలో కలుస్తున్నారన్న నింద రాకుండా కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపినవన్నీ 1878లో ఒక్కసారి తెగి పారాయి. జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజునే 2,222 మంది మునిగి లేచారు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో ఈ జనం కథలు రాసి పుస్తకానికి ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అని పేరు పెట్టింది. చెప్పులు కుడుతూ అని అర్థం.

అయినా మనుషులు ఊరుకుంటారా? ఈ రాజుకు దక్కని సింహాసనం ఎలాగైనా సంపాదించి పెట్టాలని రెండు వేల ఏళ్ళుగా పాటుపడుతున్నారు. 312లో కాన్‌స్టంటైన్ క్రీస్తు గుర్తుతో యుద్ధం గెలిచాననుకున్నాడు. అప్పటినుంచి సిలువ జెండాల మీదికి, నాణేల మీదికి ఎక్కింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఐరోపా రాజవంశాలు వరసగా కూలిపోయాక, 1925 డిసెంబరులో పోపు పదకొండో పయస్ క్రీస్తు రాజు పండుగను స్థాపించాడు. దేశాలకు పైన ఇంకో ఏలిక ఉన్నాడని గుర్తు చేయడం ఆయన ఉద్దేశం, మంచిదే. కాని పటాల్లో ఆ రాజు నెత్తిన బంగారు కిరీటమే కనిపిస్తుంది, ముళ్ళది ఎక్కడా ఉండదు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన మెదక్ కథీడ్రల్ కరువులో కూలి పనిగా లేచిన గుడి. అందులో మూడు రంగుటద్దాల కిటికీలున్నాయి. పరలోకానికి ఎక్కిపోయే క్రీస్తు కిటికీ 1927లో వచ్చింది. పశువుల పాక 1947లో. సిలువ అన్నిటికన్నా ఆఖరున, 1958లో. కావాలని చేసిన వరస కాకపోవచ్చు, మనసు ముందు ఎటు మొగ్గుతుందో మాత్రం తెలుస్తుంది. మన సినిమావాళ్ళూ తక్కువ తినలేదు. 1980లో బాపు, ముళ్ళపూడి వెంకటరమణ ‘రాజాధిరాజు’ తీస్తే విజయచందర్ వేసిన క్రీస్తు కన్నా నూతన్‌ప్రసాద్ వేసిన సైతానే జనానికి ఎక్కువ గుర్తుండిపోయాడు. అధికారం రుచి తెలిసిన పాత్ర మరి.

సింహాసనంతో పాటు కులం కూడా తిరిగొచ్చింది. మాల చర్చి, మాదిగ చర్చి అన్న మాటలు పల్లెల్లో ఇప్పటికీ వినబడతాయి. రాజ్యమూ తన వంతు చేసింది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువులకే పరిమితమై, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచింది. క్రైస్తవ దళితుడు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీ జాబితాలోనే ఉన్నాడు. గుడిలో దళితుడు, చర్చిలో మాదిగ, ఆఫీసు కాగితంలో క్రైస్తవుడు: మూడు నాకాల దగ్గరా అదే మనిషి నిలబడి ఉన్నాడు. ఈ మనిషి పక్షాన కావ్యం రాసినవాడే గాడిద మీద వచ్చిన రాజుకూ కావ్యం రాశాడు. ఒకదాన్ని సామాజిక కావ్యమనీ ఇంకోదాన్ని భక్తి కావ్యమనీ విడగొట్టి వేర్వేరు అరల్లో పెట్టడం విమర్శ చేసిన పొరపాటే.

ఈ సభకు వచ్చిన విద్యార్థులకు ఒక విన్నపం. పరీక్షకు గబ్బిలం చదివినవాళ్ళు ఈసారి లైబ్రరీకి వెళ్ళినప్పుడు పిరదౌసి, క్రీస్తు చరిత్ర కూడా అడిగి తీసుకోండి. మూడూ వరసగా చదవండి. యేసు మీద నమ్మకం ఉన్నా లేకపోయినా ఫరవాలేదు, పద్యం మీద ఉంటే చాలు. జాషువా జయంతి సెప్టెంబరు 28. ఆ రోజుకు చదవడం పూర్తి చేసి, ఒప్పుకోని చోట్లన్నీ కాగితం మీద రాసుకుని రండి.